ఇప్పుడే తిన్నా

మా అత్తమ్మకు ఈ లోకంలో ఉన్న కోరిక ఒక్కటే. మా పేటవాళ్లు, చర్చివాళ్లు, చుట్టాలు కాకుండా వేరేవాళ్లెవరైనా మా వసారాలో కూర్చుని ఆమె చేతి అన్నం తినాలి. తిని చెయ్యి కడుక్కుని, బాగుందనో బాగాలేదనో ఒక మాట అనాలి. ఆమెకు నగలు వద్దు, పట్టుచీర వద్దు, విమానం ఎక్కాలని అసలే లేదు. ఇంత చిన్న కోరిక ఇన్నేళ్లుగా తీరకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమెకు మండదు. ఆమె పేరు ఎలీషబా. దేవుడు ఓపికంతా ఆమెకిచ్చి, మిగిలిన కోపం నాకిచ్చినట్టున్నాడు.

మా ఊరు గుట్టకిందిపల్లె. యర్రగొండపాలెం దాటి దోర్నాల దిక్కు పోతుంటే నల్లమల మొదలయ్యేచోట ఉంటుంది. ఊరి చివర మా పేట, పేట చివర మా ఇల్లు. ఆ తర్వాత కొండే. త్రిపురాంతకంలో దండం పెట్టుకుని శ్రీశైలానికి కాలినడకన పోయేవాళ్లు శివరాత్రి ముందు గుంపులుగా మా వాకిలి ముందు నుంచే వెళతారు. వాళ్లకోసం అత్తమ్మ వేపచెట్టు కింద బానలో నీళ్లు పోసి, మూత మీద తళతళలాడేట్టు తోమిన చెంబు బోర్లించి పెడుతుంది. వాళ్లు ఆగుతారు. చెంబు అందుకోబోతారు. అంతలో తలుపు మీద చెక్క సిలువ కనబడుతుంది. "ఊళ్లో తాగొచ్చాంలేమ్మా" అని ముందుకు సాగుతారు. మర్యాదగానే అంటారు. నాకు ఆ మర్యాద చూస్తేనే మంట.

ఊళ్లో వాళ్లకు నీళ్లూ మజ్జిగా పులిహోరా పెట్టేది లక్ష్మీనరసమ్మ పెద్దమ్మ. మంచి రైతు కుటుంబం. మిరప, కంది వేస్తారు. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ చేలల్లోనే కూలికి పోయింది. వాళ్లిద్దరి స్నేహం నాకు ఒక పట్టాన అర్థం కాదు. అత్తమ్మకు జ్వరమొస్తే పెద్దమ్మ జావ కాచుకుని మా ఇంటికొస్తుంది. పెద్దమ్మ భర్త పోయినప్పుడు అత్తమ్మ పక్కనే కూర్చుని ఆమెతో గుక్కెడు పాలు తాగించింది. ఆ పాలు కూడా వాళ్లింటివే అనుకోండి. పెద్దమ్మ వంట మా ఇంటిదాకా వస్తుంది, మా వంట పెద్దమ్మ దాకా పోదు. అక్కడికి ఆగిపోతుంది స్నేహం.

పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా అత్తమ్మ అడుగుతుంది.

"అక్కా, అన్నం తిందువుగానీ రా."

"ఇప్పుడే తిన్నా ఎలీషబా."

పొద్దున్నే పళ్లు తోముకునే వేళ వచ్చినా ఆమె ఇప్పుడే తిన్నది. మిట్టమధ్యాహ్నం చేలోంచి నేరుగా వచ్చినా ఇప్పుడే తిన్నది. ఒకసారైతే, ఈరోజు ఏకాదశి నాకు ఒక్కపొద్దు అని చెప్పిన నోటితోనే, అత్తమ్మ అడిగేసరికి అలవాటు కొద్దీ "ఇప్పుడే తిన్నా" అనేసింది. నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. అత్తమ్మ మాత్రం ఆ మాట మొదటిసారి విన్నదానిలా తల ఊపి, "అట్లనా, సరేలే అక్కా" అంది. నేను అక్కడ ఉంటే ఏదో ఒకరోజు నోరు జారుతానని భయం వేసి, పెద్దమ్మ వచ్చినప్పుడు నేను దొడ్లోకి పోవడం అలవాటు చేసుకున్నాను.

మా ఆయన ప్రవీణ్ కుమార్ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పోయినేడు మిద్దె మీద రెండు రూములు వేశాం. ఆలోచన నాది. మా నాయన మార్కాపురం బస్టాండు దగ్గర లాడ్జిలో ఏళ్లపాటు పనిచేసినవాడు, రూముల వ్యవహారం నాకు తెలుసు. ఇంత దూరం నడిచేవాళ్లకు ఒక రాత్రి నడుం వాల్చే చోటు కావాలా వద్దా? ఫ్యాక్టరీలో అంచు విరిగిన పెద్ద పలక ఒకటి తెచ్చి వేపచెట్టుకు కట్టి, సుద్దముక్కతో "రూములు కలవు" అని రాశాను. అత్తమ్మ చూసి, "భోజనం కూడా కలదని రాయమ్మా" అంది. రాశాను. వాన వచ్చి చెరిపినప్పుడల్లా పై వాక్యం నేను రాస్తాను. కింద "భోజనం కలదు" మాత్రం ఆమే కూడబలుక్కుని రాసుకుంటుంది. బైబిలు చదవడానికి నేర్చుకున్న అక్షరాలు ఆ పలక మీద పనికొచ్చాయి.

మనుషులు రాకపోలేదు. సెల్ టవర్ పనివాళ్లు వచ్చారు. బండి పాడైన దంపతులు వచ్చారు. ఫోటోలు తీసుకునే కుర్రాళ్లు వచ్చారు. అందరూ పడుకున్నారు, పరుపు బాగుందన్నారు, గాలి బాగుందన్నారు. అత్తమ్మ మెట్ల మీద సగం దాకా ఎక్కి, "ఏమన్నా వండమంటారా నాయనా" అని అడిగేది. యర్రగొండపాలెం నుంచి తెచ్చుకున్న పార్సిల్ పొట్లాలు విప్పుతూ "తెచ్చుకున్నామమ్మా" అనేవాళ్లు. ఆమె సగం మెట్ల నుంచే దిగి వచ్చేది.

మాఘమాసంలో ఒకరోజు ఫోన్ మోగింది. పావని అట, నరసరావుపేటలో టీచరు. "మేం నడక సంఘం వాళ్లమండీ. త్రిపురాంతకం నుంచి శ్రీశైలం దాకా నడుస్తున్నాం. బుధవారం సాయంత్రానికి మీ ఊరు చేరతాం. ఐదుగురం. మంచాలు వద్దు, చాపలు చాలు. తెల్లవారకముందే లేచి వెళ్లిపోతాం. రాత్రి భోజనం మీ ఇంట్లోనే. ఏది పెట్టినా తింటాం" అంది.

నేను పోయి చెప్పేసరికి అత్తమ్మ చేటతో కందులు చెరుగుతోంది. చేట ఆగిపోయింది.

"మన ఇంట్లోనే తింటామన్నారా?"

"అన్నారు అత్తమ్మా."

"పార్సిల్ తెచ్చుకోరా?"

"తెచ్చుకోరు."

"మళ్లా ఒకసారి ఫోన్ చేసి కనుక్కోరాదా."

నేను చెయ్యలేదు. చేస్తే వాళ్లు మనసు మార్చుకుంటారేమో అని నాకూ లోపల ఒక మూల భయం ఉంది.

బుధవారం తెల్లారేసరికి ఇంట్లో యుద్ధం మొదలైంది. మా మామ కరుణాకరం ప్రాణంగా పెంచుకున్న ఎర్రపుంజు మీద అత్తమ్మ కన్ను పడింది. "క్రిస్మస్‌కు ఇయ్యలే, మనవరాలి పుట్టినరోజుకు ఇయ్యలే, ఎవరో దారినపోయేటోళ్లకు ఇయ్యమంటావా" అని మామ వాకిట్లో నిలబడి వాదించాడు. అత్తమ్మ అలా చూస్తూ నిలబడింది. మామ చివరికి తుండు నడుముకు చుట్టి తనే పుంజు వెంట పడ్డాడు. అది గడ్డివామి ఎక్కింది, రేకులెక్కింది, పాస్టరుగారి గోడ దూకింది. దాన్ని చంకలో పెట్టుకుని వచ్చేటప్పుడు మామ మొహం చూస్తే జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

మసాలా రోట్లోనే నూరాలని పట్టు పట్టింది అత్తమ్మ. మిక్సీ ఉంది. అయినా ఈరోజు మిక్సీ పనికిరాదట. ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు, అల్లం వెల్లుల్లి నేను నూరుతుంటే ఆమె వడలకు అలసందలు రుబ్బింది. కట్టెల పొయ్యి మీద కుండలో పులుసు తెర్లడం మొదలయ్యాక ఆ వాసన మా ఇంట్లో ఆగలేదు, వీధంతా పాకింది. పక్కింటి పుల్లమ్మవ్వ గోడ మీద గడ్డం ఆనించి, "ఎవురే వస్తాండారు, గవర్నరా" అని అడిగింది. "అన్నం తినేటోళ్లు వస్తాండారు పిన్నీ" అంది అత్తమ్మ. ఆమె గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు. నాకు కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయలని చెప్పాను.

పొద్దు గుట్ట వెనక్కి దిగుతుండగా వాళ్లు వచ్చారు. మిద్దె మీద నుంచి ముందు చూసింది అత్తమ్మే. సంతోషంగా కొంగు సర్దుకుంటూ చూస్తున్న మనిషి ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది.

"వందనా, స్వాములమ్మా."

నేనూ చూశాను. ఐదుగురూ ఒకటే రంగు. పసుపుకూ కాషాయానికీ మధ్య రంగు బట్టలు. నుదుటి మీద వీబూది. మెడల్లో ఏవో దారాలు. ఒక పెద్దాయన కాళ్లకు చెప్పుల్లేవు. ఏ దేవుడి మాలకు ఏ రంగో మా పేటలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నల్లబట్టలైతే అయ్యప్ప అని తెలుసు, అంతవరకే. ఒకే రంగు బట్టలతో గుంపుగా, శివరాత్రి ముందు, ఉత్తకాళ్లతో నడిచొస్తే వాళ్లు మాల వేసుకున్న స్వాములే. ఇందులో ఆలోచించడానికేముంది? మంచాలు వద్దన్నారు, నేల మీద పడుకుంటామన్నారు, చీకటితోనే లేస్తామన్నారు. దీక్షలో ఉన్నవాళ్లు ఉండే తీరే అది. నాకు ఫోన్‌లోనే తెలిసి ఉండాల్సింది.

"కుండ దించు. వెనక కొట్టంలో పెట్టండి. గంప బోర్లించండి, వాసన రాకుండా" అంది అత్తమ్మ. "పోయి లక్ష్మీనరసమ్మక్కకు చెప్పు. స్వాములొచ్చినారు, ఉల్లి, ఎల్లిగడ్డ లేకుండా పప్పు, అన్నం వండుకుని తెమ్మని."

"ఫోన్‌లో మన ఇంట్లోనే తింటామన్నారు కదా."

"ఫోన్‌లో వాళ్లకేం తెలుసు, మనమెవరమో."

ఆ మాటతో నాకు మొత్తం రగిలింది. "అయితే తలుపు మీద సిలువ కూడా తీసేద్దాం. అప్పుడు మన చేతి అన్నమే తింటారేమో" అన్నాను.

అత్తమ్మ నా వైపు నిదానంగా చూసింది. "దేవుణ్ణి దాచిపెట్టి అన్నం పెడతామా? ఎవరి నిష్ఠ వాళ్లది. మన ముచ్చట కోసం వాళ్ల దీక్ష చెడగొడితే ఆ పాపం మనకే. పో, పొద్దుపోతాంది."

పోయాను. పోకేం చేస్తాను? పెద్దమ్మ విషయం వినగానే మారుమాట లేకుండా పొయ్యి వెలిగించింది. మామ పులుసు కుండను రెండు చేతుల్తో ఎత్తుకుని కొట్టంలోకి మోస్తూ, "నా పుంజును కోసింది గడ్డిలో దాచేదానికా" అని దారి పొడవునా గొణిగాడు. కుండ మీద గంప బోర్లించి, కుక్కలొస్తాయని పక్కనే కాపలా కూర్చున్నాడు.

వచ్చినవాళ్లు మంచివాళ్లలాగే ఉన్నారు. "రండి స్వామీ, కాళ్లు కడుక్కోండి స్వామీ" అని అత్తమ్మ దూరంగా నిలబడి అంటుంటే నవ్వుతూ దండాలు పెట్టారు. ఉత్తకాళ్ల పెద్దాయన పేరు వెంకటసుబ్బయ్య, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. ఆయన వాకిట్లోకి వచ్చినప్పటి నుంచీ అటూ ఇటూ తల తిప్పి గాలి పీలుస్తూనే ఉన్నాడు. ప్రాణాయామం అనుకున్నాను.

చీకటి పడేసరికి లక్ష్మీనరసమ్మ పెద్దమ్మ వచ్చింది, నెత్తిన అన్నం గిన్నె, చంకలో పప్పు, చేతిలో పెరుగు. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. వసారాలో చాప పరిచి, ఆకులు వేసి, ఆమే వడ్డించింది. అత్తమ్మ వేపచెట్టు కింద నీళ్ల బాన దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ఎన్నేళ్ల నుంచి ఎదురుచూసిన సంగతి! మా వసారాలో ఆకులు పడ్డాయి. బయటివాళ్లు వరసగా కూర్చున్నారు. అన్నం మాత్రం మాది కాదు. ఆమెను అలా చూసినప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు, కోపమే వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. స్వాముల మీదా, పెద్దమ్మ మీదా, ఫోన్ ఎత్తిన నా మీదా అందరి మీదా వచ్చింది.

రెండు ముద్దలు తిన్నాక పావని లేచి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏమీ అనుకోకండి. మీకు ఇవి ఈస్టర్ ముందు శ్రమ దినాలు కదా, ఉపవాసాల్లో ఉన్నట్టున్నారు. అయినా మాకోసం వేరేగా పప్పన్నం వండించారు. చాలా ఇబ్బంది పెట్టాం. ఒక్క సంగతి మాత్రం అడగాలి. ఈ వీధిలో కోడిపులుసు వండుతున్నది ఎవరింట్లో అండీ?"

"ఎందుకు?"

"మా వెంకటసుబ్బయ్య బాబాయికి కాళ్లు బొబ్బలెక్కాయి. బూట్లు వేసుకోలేక విప్పేసి నడిచాడు. మీ వీధి మొదట్లో కూర్చుండిపోయి ఇక నావల్ల కాదన్నాడు. అంతలో ఆ వాసన వచ్చింది. దాన్ని పట్టుకునే లేచి మీ ఇంటిదాకా నడిచాడు. ఇక్కడికొచ్చాక పప్పు కనబడింది. పాపం, మిమ్మల్ని అడగలేక అప్పట్నుంచీ గాలి పీలుస్తున్నాడు."

నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు అదుపులో లేకుండా పోయింది. "మా ఇంట్లోనే వండాం. మీకోసమే వండాం. మా మామ పుంజును కోసి, రోట్లో నూరి వండాం. మీరు స్వాములని తెలిసి కొట్టంలో గంప కింద దాచాం. దీక్షలో ఉన్నవాళ్లు కోడి వాసన ఎట్లా పట్టుకుని వస్తారు?"

వసారా అంతా విన్నది. వీధి కూడా విని ఉంటుంది. వెంకటసుబ్బయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"దీక్షా? ఎవరికి?" అన్నాడాయన.

"మీకే. ఒకే రంగు బట్టలు, మెడలో దారాలు, వీబూది."

పావని తన చొక్కా వంక చూసుకుంది. మెడలో దారం బయటికి లాగింది. దాని చివర ఈల ఉంది. "అడివి పక్కన నడుస్తాం కదా, ఎవరైనా వెనకబడితే ఊదడానికి. ఈ రంగు లారీలవాళ్లకు దూరం నుంచే కనబడాలని. వీబూది పొద్దున త్రిపురాంతకం గుళ్లో పూజారిగారు పెట్టింది. మాలో ఎవ్వరం మాల వెయ్యలేదండీ" అంది. చెబుతూ చెబుతూనే నవ్వు ఆపుకోలేకపోయింది. "మేమేమో మీరు ఉపవాసమని కోడి మాట ఎత్తలేదు. మీరేమో మేం దీక్షలో ఉన్నామని కోడిని దాచారు."

"మాకు శుక్రవారాలే ఉపవాసం" అన్నాను. నాకూ నవ్వు వచ్చింది. కోపం అంత తొందరగా ఎటు పోయిందో నాకే తెలియలేదు.

అందరూ నవ్వుతున్నారు, అత్తమ్మ తప్ప. ఆమె బాన దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకు వచ్చి, వసారా మెట్టు దగ్గర ఆగింది.

"అమ్మా, ఒక మాట. మేమెవరమో తెలిసే తింటామంటాండారా?"

పావని నవ్వు ఆపింది. "తలుపు మీదే ఉంది కదా పిన్నీ. వచ్చేటప్పుడే చూశాం" అంది.

అత్తమ్మ ఇంకా కదల్లేదు. వెంకటసుబ్బయ్య ఆకు మీద పప్పన్నాన్ని ఒక పక్కకు జరిపి మధ్యలో గుంట చేశాడు. "ఈ పప్పన్నం కూడా వదిలేది లేదు, ఆ తల్లి వండి తెచ్చింది. దీని మీదే పొయ్యండి పులుసు. ఇంకా ఆలస్యమైతే నేనే కొట్టంలోకి వెళ్లి తినాల్సి వస్తుంది. అసలే కాళ్లు నొప్పి" అన్నాడు.

ఆ మాట మామ చెవిలో పడటమే ఆలస్యం. గడ్డి పరకలు తలకూ కుండకూ అంటుకుని ఉండగానే, చర్చిలో కానుకల పళ్లెం తెచ్చేటంత జాగ్రత్తగా కుండ మోసుకొచ్చాడు. నేను వడలు నూనెలో వేశాను. పుల్లమ్మవ్వ గోడ మీద గడ్డం ఆనించి మళ్లీ ప్రత్యక్షమైంది.

అత్తమ్మ గరిటె పట్టుకుంది. సంగటి ముద్దలు, వేడి వేడి అలసంద వడలు, పులుసు. ఒక్కొక్కరి ముందు వంగి వడ్డిస్తూ, "చాలా, ఇంకొంచెం, ముక్క చూడు నాయనా, అది కాదు, కాలు ముక్క నీకే" అంటూ వసారా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగింది. ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఒక్కపూటలో పెట్టేద్దామన్నట్టు పెట్టింది. వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టిన పావనికి వేళ్ల సందుల్లోంచి పోసింది. "ఎట్లుంది నాయనా" అని అడిగితే వెంకటసుబ్బయ్య, "ఇప్పుడు నన్ను మాట్లాడించొద్దమ్మా" అని ఎముక మీదే చూపు పెట్టుకున్నాడు. ఆయనకు పెద్ద కాలు ముక్క పడటం మామ చూశాడు. ఒక నిట్టూర్పు విడిచి, "దాని పరుగంతా ఆ కాళ్లలోనే ఉన్నింది, తినన్నా" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్నంత సందడి నా పెళ్లిలో కూడా లేదు.

లక్ష్మీనరసమ్మ పెద్దమ్మ వాకిట్లో అరుగు మీద, ఖాళీ అయిన అన్నం గిన్నె పక్కన కూర్చుని ఉంది. గిన్నె తీసుకుని పోవచ్చు. పోలేదు. నేను వడలు తెస్తూ ఆమె వంక చూశాను. మామూలుగా అయితే ఆమెను అలా చూసినప్పుడు నాలో ఏదో ఒకటి రగులుతుంది. ఆరోజు ఆమె అలసిపోయిన ముసలమ్మలా కనబడింది, అంతే. కొంగుతో మెడ తుడుచుకుంటూ వసారాలోకి చూస్తోంది.

అత్తమ్మ గరిటెతో అటు తిరిగినప్పుడు ఆమె కనబడింది.

"అక్కా, నువ్వు కూడా అన్నం తిందువుగానీ రా."

ఎప్పుడూ అడిగినట్టే అడిగింది. అడిగి, జవాబు తెలుసు కాబట్టి ఆగకుండా మళ్లీ వెంకటసుబ్బయ్య ఆకు మీదకు వంగింది. పెద్దమ్మ నోరు తెరిచింది. ఇప్పుడే తిన్నా అని నేను లోపల ఆమెకంటే ముందే అనేశాను.

"యాడ తిన్నా ఎలీషబా. నువ్వు కబురంపిన కాడ్నుంచీ పొయ్యి కాడ్నే ఉన్నా."

అత్తమ్మ గరిటె గాల్లో ఆగిపోయింది. అందులోని పులుసంతా ధారగా వెంకటసుబ్బయ్య ఆకులోకి కారింది. ఆయన ఏమీ అభ్యంతరం చెప్పలేదు.

"చూస్తాండావేంది. ఆకు వెయ్యి" అంది పెద్దమ్మ.

మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, మా వసారా మెట్టు ఎక్కి, వరసకు చివర పావని పక్కన చాప మీద కూర్చుంది. నేను ఆకు తెచ్చి వేశాను. నీళ్లు చల్లాను. ఆమె అరచేత్తో ఆకు తుడుచుకుంది. అంతమందికి చకచకా వడ్డించిన అత్తమ్మకు అప్పుడు చేతులు ఆడలేదు. సంగటి ముద్ద పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించింది. పులుసు పోస్తే ఆకు అంచు దాటింది.

"ఇప్పుడెవరో వద్దంటారని కాదు" అంది పెద్దమ్మ, ఆకు వంక చూస్తూనే. "మొదట మా అత్త ఉన్నింది. ఆమె పోయినాక మా ఆయనకు భయపడినా. ఆయన కూడా పాయె. ఆ తర్వాత ఇంగెవరున్నారు భయపడేదానికి? అలవాటు, అంతే. సిగ్గుమాలిన అలవాటు."

పెద్దమ్మ సంగటి చిదిమి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుంది. అందరం చూస్తున్నాం. వెంకటసుబ్బయ్య కూడా నమలడం ఆపాడు.

"నన్ను చూస్తారేంది, మీరు తినండి" అని మందలించి ఆమె ఇంకో ముద్ద తిన్నది. ఒక ముక్క కొరికింది. వడ తుంచి పులుసులో ముంచింది. తొందరపడకుండా, తన ఇంట్లో తింటున్నట్టు తిన్నది. కాసేపటికి తలెత్తింది.

"ఉప్పు రవ్వ తగ్గింది ఎలీషబా."

నేను పొయ్యి దగ్గరే రుచి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ మాట చెబుదామని నోరు తెరిచి అత్తమ్మ మొహం చూశాను. చెప్పలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, నవ్వుతోంది.

"వందనా" అని పిలిచింది, నేను ఎదురుగానే ఉన్నా, పేటంతటికీ వినబడేట్టు. "ఉప్పు డబ్బా తేమ్మా. అక్కకు నా కూరలో ఉప్పు చాల్లేదంట."